జ్వరాల నడుమ దాగే జబ్బు, దారిలో ఆగే చికిత్స

వానాకాలం ముదిరి పత్తి పూతకు వచ్చే రోజుల్లో వరంగల్, హన్మకొండ, ములుగు, భూపాలపల్లి ప్రాంతాల్లో ప్రతి వాడలోనూ ఒకరిద్దరు జ్వరంతో మంచం పట్టి ఉంటారు. డెంగీ ఏళ్ల తరబడి చేసిన అలవాటు వల్ల రక్తపరీక్ష చీటీ చేతికి రాగానే ఇంటిల్లిపాదీ వెతికేది ఒకే అంకెను: ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయి? లక్షన్నర దాటితే ఊపిరి పీల్చుకుంటారు, యాభై వేలకు పడితే బొప్పాయి ఆకు రసం తీస్తారు, ఇరవై వేలు అంటే ఆటో మాట్లాడుకొని వరంగల్‌లోని సర్కారు దవాఖాన ఎంజీఎంకో ప్రైవేటు దవాఖానకో పరుగు తీస్తారు. అదే చీటీలో హిమోగ్లోబిన్, తెల్ల రక్తకణాలు అనే మరో రెండు వరుసలు కూడా ఉంటాయి. రక్త క్యాన్సర్ గురించి మన జిల్లాల్లో ఒక్క సంగతి మాత్రమే చెప్పే వీలుంటే, ఆ మూడు వరుసలనూ కలిపి చదవమని చెప్పాలి.

డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, తెల్లకణాలు కూడా కొంత తగ్గుతాయి. హిమోగ్లోబిన్ మాత్రం సాధారణంగా తగ్గదు. రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి జారి రక్తం చిక్కబడటం వల్ల ఒక్కోసారి పెరిగినట్టు కూడా కనిపిస్తుంది. జ్వరం మొదలైన వారం పది రోజుల్లో అంకెలు వాటంతట అవే పైకి వస్తాయి. అలా కాకుండా ప్లేట్‌లెట్లతో పాటు హిమోగ్లోబిన్ ఏడుకో ఎనిమిదికో దిగి ఉన్నా, నాలుగు వేలకూ పదకొండు వేలకూ మధ్య ఉండవలసిన తెల్లకణాలు యాభై వేలో లక్షో ఉన్నా, లేక వెయ్యికి పడిపోయినా, రెండు వారాలు గడిచాక కూడా అంకెలు కోలుకోకపోయినా, దాన్ని సీజన్ జ్వరాల ఖాతాలో వేసి ఊరుకోకూడదు. అప్పుడు అడగవలసిన పరీక్ష స్మియర్. చుక్క రక్తాన్ని గాజుపలక మీద పరిచి, రంగు వేసి, పాథాలజిస్టు మైక్రోస్కోపు కింద స్వయంగా చూసే పరీక్ష ఇది. కణాలను లెక్కించే యంత్రం ముదరని క్యాన్సర్ కణాన్ని మామూలు తెల్లకణంగానే జమకట్టవచ్చు. అనుభవమున్న కన్ను ఆ తేడాను పట్టుకుంటుంది. పెద్ద ఖర్చు లేని ఈ పరీక్ష కోసం హైదరాబాద్ వెళ్లనవసరం లేదు, జిల్లా కేంద్రంలోనే జరుగుతుంది. రక్త క్యాన్సర్ అవగాహన మాసంగా ప్రపంచమంతటా పాటించే సెప్టెంబరు మనకు జ్వరాల నెల కూడా కావడం యాదృచ్ఛికమే అయినా, ఆ నెలలో ర్యాలీలు తీయడం కంటే ల్యాబుల్లో స్మియర్‌లు పెంచడమే ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం.

ఒకే పేరు కింద అనేక జబ్బులు

మాంసం కూరలో మూలుగ బొక్కను ఇష్టంగా తినే మనకు రక్తం తయారయ్యేది అక్కడేనన్న సంగతి అంతగా తట్టదు. పెద్దవారిలో తుంటి ఎముకలు, వెన్నుపూసలు, రొమ్ము ఎముక వంటి చోట్ల ఉండే మూలుగ రోజుకు దాదాపు 20 వేల కోట్ల ఎర్రకణాలను తయారు చేస్తుంది. ఇవి కాక తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు. అక్కడి ఒక తల్లికణంలో జన్యువుల అమరిక దెబ్బతిని, అది ముదరకుండా, చావకుండా, రెట్టింపవుతూ పోతే, నారుమడిలో తుంగ కమ్ముకున్నట్టు మంచి కణాలకు చోటు లేకుండా పోతుంది. ఎర్రకణాలు తగ్గితే ఆయాసం, పాలిపోవడం. ప్లేట్‌లెట్లు తగ్గితే చిగుళ్ల నుంచి రక్తం, ఒంటిమీద ఎర్రటి చుక్కలు, తగలకుండానే కమిలిన మచ్చలు. పనిచేసే తెల్లకణాలు తగ్గితే వదలని జ్వరాలు. తెల్లకణాలు లక్ష ఉన్న మనిషికి ఇన్‌ఫెక్షన్ ఎందుకు వస్తుందని బంధువులు ఆశ్చర్యపోతుంటారు. ఆ లక్షలో పనికొచ్చేవి బహు తక్కువ.

రక్త క్యాన్సర్ అనగానే సినిమాల్లో దగ్గుతూ రక్తం కక్కి చనిపోయే కథానాయకుడు గుర్తుకు వస్తాడు గానీ, ఆ పేరు కింద ఉన్నవి పదుల సంఖ్యలో వేర్వేరు జబ్బులు. మూలుగలో పుట్టి రక్తంలోకి వచ్చేవి లుకేమియాలు, లింఫ్ గ్రంథుల్లో గడ్డలుగా పెరిగేవి లింఫోమాలు, ప్లాస్మా కణాల నుంచి పుట్టి ఎముకలను తొలిచేది మల్టిపుల్ మైలోమా. లుకేమియాలోనూ వారాల్లో ప్రాణం మీదికి తెచ్చే అక్యూట్ రకాలు ఉన్నాయి, ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగే క్రానిక్ రకాలు ఉన్నాయి. కొన్ని రకాలను పూర్తిగా నయం చేయవచ్చు, కొన్నింటిని రోజూ మాత్రతో అదుపులో ఉంచవచ్చు, ఇంకొన్నింటికి వెంటనే చికిత్స కూడా అక్కర్లేదు, డాక్టరు ఆరు నెలలకోసారి చూస్తే చాలు. మరికొన్ని ఎంత చేసినా లొంగనివి. కాబట్టి ‘బ్లడ్ క్యాన్సరట’ అన్న మాట విని ఎన్నాళ్లు బతుకుతారని అడగడం కంటే, ఏ రకమని అడగడం సరైన ప్రశ్న. రోగి బంధువుల నోట్లో ఆ పూర్తి పేరు ఉండి తీరాలి; ఏఎల్‌ఎల్ (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా), ఏఎంఎల్ (అక్యూట్ మైలాయిడ్ లుకేమియా), సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ లుకేమియా) అన్న మూడక్షరాల తేడాతో చికిత్స, ఖర్చు, ఆశ అన్నీ మారిపోతాయి.

ఆ తేడా ఎంతటిదో సీఎంఎల్ కథ చెబుతుంది. 1960లో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఈ జబ్బు ఉన్నవారి కణాల్లో మామూలు కంటే పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోమును గుర్తించారు. 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారు కావడం వల్లనే అది ఏర్పడిందని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ అతుకు దగ్గర పుట్టే ఒకే ఒక్క ప్రోటీను జబ్బునంతా నడిపిస్తోందని తెలిశాక, దానికి తాళం వేసే ఇమాటినిబ్ అనే మాత్రకు 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకుముందు కొన్నేళ్లలోనే ప్రాణం తీసిన జబ్బు, రోజుకో మాత్రతో దాదాపు మామూలు ఆయుర్దాయం బతకగలిగే జబ్బయింది. అయితే ఆ మాత్ర నెలకు లక్షా ఇరవై వేల రూపాయల దాకా ఉండేది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో వంటి మన కంపెనీలు అదే మందును ఎనిమిది నుంచి పదివేలకు ఇవ్వగలిగాయి. విదేశీ కంపెనీ పేటెంటు అభ్యర్థనను 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తోసిపుచ్చడంతో ఆ చవక దారి మూసుకుపోకుండా మిగిలింది. సీఎంఎల్ మన దేశంలో ముప్ఫై, నలభై ఏళ్ల వయసులో, సంపాదించే మనిషికే ఎక్కువగా వస్తుంది. ఎడమ డొక్కలో బరువు, కొద్దిగా తింటేనే కడుపు నిండినట్టుండటం, మరేదో ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్షలో తెల్లకణాలు లక్ష దాటి కనిపించడం: ఇలా బయటపడుతుంది. ఒంట్లో బాగుందని మాత్రలు ఆపేయడమే ఇందులో పెద్ద ప్రమాదం. కొందరికి కొన్నేళ్ల తర్వాత డాక్టర్లే మాత్ర ఆపి చూస్తారు గానీ, అది జబ్బు ఆనవాళ్లను రక్తంలో వెతికే పీసీఆర్ పరీక్ష నెలనెలా చేస్తూ ఆపడం.

మారువేషాలు

మైలోమా మరో రకంగా మోసం చేస్తుంది. అరవై ఏళ్ల మనిషికి నడుం నొప్పి వస్తే ‘వయసు మీద పడ్డది, వెన్నుపూస అరిగింది’ అనుకోవడం మనకు సహజం. నాట్లు వేసి, పత్తి ఏరి, బస్తాలు మోసిన ఒళ్లు నొప్పులు పడటం వింత కాదు. కానీ నడుం నొప్పితో పాటు రక్తం తక్కువగా ఉండటం, ఎర్రకణాలు అడుగుకు చేరే వేగాన్ని చెప్పే ఈఎస్‌ఆర్ వంద దాటడం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరగడం కలిసి వస్తే, రక్తంలోని ప్రోటీన్లను విడదీసి చూసే ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే పరీక్ష చేయించక తప్పదు. ఆ పరీక్ష జరగకుండా మెడికల్ షాపులో తెచ్చుకున్న నొప్పి మాత్రలతో నెలలు నెట్టుకొస్తే, అప్పటికే జబ్బు తాకిన మూత్రపిండాలను ఆ మాత్రలు మరింత దెబ్బతీస్తాయి. చివరికి డయాలసిస్ గదిలో అసలు జబ్బు పేరు తెలిసేవారూ ఉంటారు.

లింఫోమాకు మన దగ్గర దొరికే మారువేషం టీబీ. మెడలో, చంకలో నొప్పిలేని గడ్డ, సాయంత్రం జ్వరం, రాత్రి పక్క తడిసేంత చెమట, బరువు తగ్గడం ఇవన్నీ టీబీలోనూ ఉంటాయి, లింఫోమాలోనూ ఉంటాయి. టీబీ ఎక్కువగా ఉన్న దేశంలో ముందు దాన్నే అనుమానించడం తప్పుకాదు. కానీ సూదితో తీసిన కాసిన్ని కణాలతో లింఫోమాను తేల్చడం కష్టం కాబట్టి, గడ్డను పూర్తిగా తీసి బయాప్సీకి పంపడమే నమ్మదగిన దారి. రుజువు లేకుండా టీబీ మందులు మొదలుపెట్టి, రెండు నెలలైనా గడ్డ తగ్గకపోతే, కోర్సు పూర్తయ్యేదాకా ఆగుదామనడం సరికాదు. యువతలో కనిపించే హాడ్కిన్ లింఫోమా చాలామందిలో పూర్తిగా నయమయ్యే జబ్బు. ముదిరితే మందుల మోతాదూ పెరుగుతుంది, దుష్ప్రభావాలూ పెరుగుతాయి.

అన్నింటికంటే తక్కువగా చర్చకు వచ్చే మారువేషం ఒకటుంది, అది మన చేతులతో వేసేది. ఊళ్లో జ్వరం వస్తే మొదట చూసేది ఆర్‌ఎంపీ. అర్ధరాత్రి పిలిస్తే పలికే మనిషి ఊరికి అతడొక్కడే కాబట్టి అతన్ని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. కానీ జ్వరం, ఒళ్లు నొప్పులు త్వరగా తగ్గడానికి వేసే ఇంజెక్షన్లలో డెక్సా వంటి స్టెరాయిడ్ తరచుగా ఉంటుంది. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా, లింఫోమా కణాలు స్టెరాయిడ్‌కు కొంతకాలం లొంగుతాయి. నిజానికి ఈ జబ్బుల చికిత్సలో అది కూడా ఒక మందే. ఒకటి రెండు ఇంజెక్షన్లతో పిల్లవాడి జ్వరం దిగుతుంది, గడ్డలు కరుగుతాయి, కీళ్ల నొప్పులు పోతాయి, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. మూడు నాలుగు వారాలకు అన్నీ తిరగబెడతాయి. ఈలోగా మూలుగ పరీక్ష చేస్తే కణాలు సరిగా కనిపించక ఫలితం తికమక పెట్టవచ్చు, జబ్బు తీవ్రతను అంచనా కట్టడమూ కష్టమవుతుంది. పెద్ద దవాఖానకు వెళ్లినప్పుడు అంతకుముందు ఏ సూదులు వేశారో, ఏ మాత్రలు ఇచ్చారో దాచకుండా చెప్పడం, వీలైతే ఆ ఖాళీ సీసాలనో స్ట్రిప్పులనో పట్టుకెళ్లడం ఎంతో మేలు చేస్తుంది. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న మనిషికి పిర్రకు సూది వేస్తే లోపల రక్తం గడ్డకట్టి వాస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

మూలుగ పరీక్ష అంటే జనంలో మితిమీరిన భయం ఉంది. ‘వెన్నులోంచి నీరు తీస్తరు, కాళ్లు పడిపోతయి’ అన్న మాట ఊళ్లలో బలంగా వినిపిస్తుంది. మూలుగను తీసేది వెన్నులోంచి కాదు, నడుము వెనక తుంటి ఎముక నుంచి. మత్తు సూది వేసి తీస్తారు, కాసేపు నొప్పి ఉంటుంది, మామూలుగా అదే రోజు నడిచి ఇంటికి వెళ్లవచ్చు. వెన్ను దగ్గర సూది వేసే పరీక్ష వేరే ఉంది. కొన్ని లుకేమియాల్లో మెదడు చుట్టూ ఉండే ద్రవంలో జబ్బు దాక్కోకుండా మందు ఎక్కించడానికి అది అవసరమవుతుంది, దాని వల్లా కాళ్లు పడిపోవు. తీసిన మూలుగ మీద ఫ్లో సైటోమెట్రీ, క్రోమోజోము పరీక్షలు చేసి కచ్చితమైన రకాన్ని తేలుస్తారు.

ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు చాలామందిలో కచ్చితమైన జవాబు దొరకదు. అధిక రేడియేషన్, బెంజీన్, అంతకుముందు తీసుకున్న కీమోథెరపీ, కొన్ని వైరస్‌లు కారణాలుగా రుజువయ్యాయి. పత్తి జిల్లాల్లో పురుగుమందుల సంగతి తప్పకుండా అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో లిండేన్‌ను క్యాన్సర్ కారకంగానూ, గ్లైఫోసేట్‌ను బహుశా క్యాన్సర్ కారకం కాగలదిగానూ వర్గీకరించింది. రెండింటి విషయంలోనూ లింఫోమాతో ఉన్న సంబంధమే చర్చకు వచ్చింది. అంతమాత్రాన ఫలానా రైతుకు ఫలానా మందు వల్లే జబ్బు వచ్చిందని ఎవరూ చెప్పలేరు. మాస్కు, చేతి తొడుగులు లేకుండా, ఎదురుగాలిలో మందు కొట్టకూడదని చెప్పడానికి మాత్రం ఈపాటి ఆధారం చాలు. ఇది అంటువ్యాధి కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదు, చాలామట్టుకు వంశపారంపర్యమూ కాదు.

మొదటి నెల తర్వాత

పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా, ముఖ్యంగా రెండు నుంచి ఐదేళ్ల లోపు. దీని చికిత్స చరిత్రలో ఒక తెలుగువాడి చెయ్యి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌కు విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను తయారు చేసింది. అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చి, పదిమందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించారు. అంతవరకూ ఈ జబ్బుకు చికిత్సే లేదు. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. మెథోట్రెక్సేట్ మాత్రలను నేటికీ లుకేమియా పిల్లలు వారానికోసారి మింగుతున్నారు. వాళ్లకు ఎక్కించే మరో ముఖ్యమైన మందు విన్‌క్రిస్టీన్ మన ఇళ్ల ముందు పూసే బిళ్లగన్నేరు నుంచి వచ్చింది. అలాగని ఆ ఆకులు నూరి తాగించడం మాత్రం విషం తాగించడమే, ఎందుకంటే ఆ మందును మిల్లీగ్రాముల లెక్కన, నరం తప్పకుండా ఎక్కించాలి.

సంపన్న దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పది మంది పిల్లల్లో దాదాపు తొమ్మిది మంది బతుకుతున్నారు. మన దగ్గర ఆ సంఖ్య తగ్గడానికి మందులు వేరు కావడం కారణం కాదు, ప్రధానంగా అవే మందులు. ఆలస్యంగా రావడం, చికిత్స మధ్యలో వచ్చే ఇన్‌ఫెక్షన్లు, జబ్బు తిరగబెట్టడం, వీటితో పాటు చికిత్సను మధ్యలో వదిలేయడం కారణాలు. నాలుగోది అవగాహనతోనూ ఆసరాతోనూ నేరుగా మార్చగలిగింది కాబట్టి దాని లోతు చూడాలి.

జబ్బు తేలే సమయానికి ఒంట్లో లక్ష కోట్ల దాకా లుకేమియా కణాలు ఉంటాయి. మొదటి నాలుగైదు వారాల గట్టి మందులతో నూటికి తొంభై ఐదు మంది పిల్లల్లో మూలుగ శుభ్రపడినట్టు కనిపిస్తుంది, రెమిషన్ వచ్చిందని డాక్టరు చెబుతారు. పిల్ల ఆడుతుంది, అన్నం తింటుంది, ముఖంలో కళ వస్తుంది. అయితే మైక్రోస్కోపుకు అందనంత పలుచగా వందల కోట్ల కణాలు అప్పటికీ మిగిలి ఉండవచ్చు. వాటిని తుడిచిపెట్టడానికే మరికొన్ని నెలల కీమో, ఆపైన రోజూ ఒక మాత్ర, వారానికోసారి ఇంకో మాత్రగా సాగే మెయింటెనెన్స్ కలిపి రెండు నుంచి రెండున్నరేళ్లు పడుతుంది. ఎకరం అమ్మి, అప్పు తెచ్చి మొదటి నెల గట్టెక్కించిన తండ్రికి, ఆడుకుంటున్న బిడ్డను చూస్తూ ఇంకా రెండేళ్లు ఎందుకన్న అనుమానం రావడం అజ్ఞానం కాదు, కళ్లకు కనిపించేదాన్ని నమ్మడం. ఎవరో ఒక చెట్లమందు పేరు చెబుతారు, అదీ సరిగ్గా ఆ సమయంలోనే పనిచేసినట్టు కనిపిస్తుంది. ఆపేశాక కొన్ని నెలలకు తిరగబెట్టిన జబ్బు అంతకుముందు లొంగిన మందులకు అంత తేలిగ్గా లొంగదు. ఈ రెండున్నరేళ్ల లెక్కను మొదటి రోజే, ఇంట్లో నిర్ణయాలు తీసుకునే తాత, మేనమామలకు కూడా, బొమ్మ గీసి వివరించే ఓపిక ఆసుపత్రులకు ఉండాలి.

ఇన్‌ఫెక్షన్ల సంగతి ఒక్క నియమంతో సగం తీరుతుంది. కీమో నడుస్తున్న మనిషికి 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వస్తే అది అత్యవసరం. డోలో వేసి తెల్లవారేదాకా చూడటం కుదరదు. నరం ద్వారా యాంటీబయాటిక్ గంటలోపు పడాలన్నది వైద్యుల నియమం. ఏటూరునాగారం నుంచో ఆసిఫాబాద్ నుంచో హైదరాబాద్ చేరడానికి గంటల ప్రయాణం కాబట్టి, దగ్గరి పట్టణంలో ఆ మొదటి డోసు ఎక్కడ ఇస్తారో ముందే మాట్లాడి పెట్టుకోవాలి, చేయవలసింది రాసిన చీటీని డాక్టరుతో సంతకం పెట్టించి ఫైలు మొదటి పేజీలో ఉంచుకోవాలి. ఇంట్లో థర్మామీటరు ఉండాలి. వచ్చి పలకరించే బంధువులు గుమ్మం దగ్గరే చేతులు కడుక్కోవడం, జలుబు ఉన్నవాళ్లు రాకుండా ఉండటం కూడా సేవే.

డబ్బు, దారి, రక్తం

2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో కుటుంబానికి ఏటా 10 లక్షల రూపాయలకు పెంచింది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలోని నిమ్స్ ఉత్తర తెలంగాణ రోగులకు పెద్ద దిక్కు. ఏ పరీక్ష ప్యాకేజీలోకి వస్తుంది, ఏది చేతి నుంచి పెట్టుకోవాలి అన్నది చేరిన రోజే ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోవాలి. నిమ్స్ వంటి చోట్ల ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ముందుగానే ఎల్‌ఓసీ (ఖర్చు భరిస్తామనే హామీ పత్రం) తెచ్చుకునే వీలుంది. ప్రైవేటులో ఖర్చయితే అసలు బిల్లులు జతచేసి తర్వాత దరఖాస్తు చేయాలి, అందుకే ఒక్క రసీదు కూడా పారేయకూడదు.

అయితే కుటుంబాలను కుంగదీసేది ఆసుపత్రి బిల్లు ఒక్కటే కాదు. వరంగల్ నుంచి పట్నం దాదాపు 150 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి అంతకు రెట్టింపు. వారం వారం ఇద్దరు మనుషుల రాకపోకలు, ఆసుపత్రి ఎదుట గది అద్దె, పోయిన కూలి, ఇంటి దగ్గర ఒంటరిగా మిగిలిన రెండో బిడ్డ, చూసేవాళ్లు లేని గొడ్లు ఏ ప్యాకేజీలోనూ ఉండవు. క్యాన్సర్ రోగి చికిత్సకు వెళ్లేటప్పుడు రైల్లో స్లీపర్, మూడో ఏసీ తరగతుల్లో పూర్తి రాయితీ, వెంట వెళ్లే మనిషికి 75 శాతం రాయితీ ఉన్నాయి. ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత పత్రం చూపి కౌంటరులో టికెట్ తీసుకోవాలి. కాగజ్‌నగర్, మంచిర్యాల, పెద్దపల్లి, కాజీపేట మీదుగా వెళ్లే కుటుంబాలకు ఇది చిన్న ఊరట కాదు. మహాలక్ష్మి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తల్లికి, ఆడపిల్లకు ప్రయాణం ఉచితం. పిల్లల చికిత్స కోసం వచ్చిన కుటుంబాలకు ఉచితంగా బస ఇచ్చే సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ హైదరాబాద్‌లోనూ ఉంది. జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలను మూడేళ్లలో పెడతామని 2025–26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. పెద్ద ఆసుపత్రిలో రాసిచ్చిన సులువైన కీమోను సొంత జిల్లాలోనే ఎక్కించే ఏర్పాటు నిజంగా నడిస్తే, చికిత్స మధ్యలో వదిలేసేవారి సంఖ్య మీద దాని ప్రభావం కొత్త మందు కంటే ఎక్కువే ఉంటుందని అనుకుంటున్నాను.

సాయం చేయాలనుకునే వాళ్లు మొదట అడిగేది రక్తం గురించే. ఎర్రకణాలు ఐదారు వారాలు నిలవ ఉంటాయి, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. అందువల్ల పుట్టినరోజు శిబిరంలో ఒకేసారి వంద మంది ఇచ్చే రక్తం కంటే, ఏడాది పొడవునా పిలిచినప్పుడు వచ్చే పది మంది లుకేమియా వార్డుకు ఎక్కువ అక్కరకు వస్తారు. హన్మకొండ రెడ్‌క్రాస్ వంటి రక్తనిధి కేంద్రాల్లో పేరు, గ్రూపు నమోదు చేసుకొని, వేసవి సెలవుల్లోనూ డెంగీ నెలల్లోనూ ప్రత్యేకంగా అందుబాటులో ఉండటం మంచి పద్ధతి. యంత్రం ద్వారా ప్లేట్‌లెట్లను మాత్రమే తీసుకుని మిగతా రక్తాన్ని తిరిగి ఎక్కించే ఎస్‌డీపీ పద్ధతిలో ఒక్క దాత ఇచ్చేది ఆరుగురి రక్తం నుంచి తీసిన దానికి సమానం. గంట, గంటన్నర పడుతుంది, రెండు రోజుల విరామంతో మళ్లీ ఇవ్వవచ్చు, ఏడాదికి ఇరవై నాలుగు సార్లు మించకూడదు. ఇక్కడొక మెలిక ఉంది. రోగికి ముందు ముందు మూలుగ మార్పిడి అవసరం కావచ్చనుకుంటే, తోబుట్టువులు, తల్లిదండ్రులు వాళ్ల రక్తం ఇవ్వకపోవడమే మంచిది. వాళ్ల కణాల మీద రోగి ఒంట్లో ముందే వ్యతిరేకత పెరిగితే మార్పిడి విఫలమయ్యే అవకాశం పెరుగుతుంది. ప్రేమకొద్దీ ముందుకు వచ్చే అన్నను ఆపి, ఇరుగుపొరుగును అడగవలసిన సందర్భం ఇది.

మార్పిడికి హెచ్‌ఎల్‌ఏ పోలిక, అంటే దాత, రోగి కణాల మీది గుర్తులు కలవడం కావాలి. ఒక్కో తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. ఉన్న ఒక్క తమ్ముడూ దుబాయ్‌లో ఉన్న జగిత్యాల, సిరిసిల్ల కుటుంబాలకు ఆ పరీక్ష దగ్గరే జాప్యం మొదలవుతుంది. ఇంట్లో కలవనివారికి సగం పోలికతో తల్లి లేదా తండ్రి నుంచి చేసే మార్పిడి ఇప్పుడు సాధ్యమే. లేదంటే దాతల రిజిస్ట్రీలో వెతకాలి. 2009లో చెన్నైలో మొదలైన దాత్రి 18 నుంచి 50 ఏళ్ల వారిని, బెంగళూరులోని డీకేఎంఎస్ 55 ఏళ్ల దాకా నమోదు చేసుకుంటాయి. బుగ్గ లోపల దూదిపుల్లతో రాసి ఇస్తే చాలు. పోలిక తరచుగా ఒకే ప్రాంతం, ఒకే సామాజిక మూలాలు ఉన్నవారి మధ్య కుదురుతుంది కాబట్టి, తెలుగు దాతలు తక్కువగా ఉంటే తెలుగు రోగులకే నష్టం. కుదిరితే ఐదు రోజుల ఇంజెక్షన్ల తర్వాత చేతి నరం నుంచి నాలుగైదు గంటల్లో మూలకణాలు తీసుకుంటారు, ఎముక కోయరు. కుటుంబంతో మాట్లాడకుండా పేరు ఇచ్చి, చివరి వారంలో భార్య వద్దందని వెనక్కి తగ్గడం కంటే మొదట్లోనే కాదనడం నయం. అప్పటికి రోగి మూలుగను మందులతో చంపేసి ఉంటే, వేరే దాత దొరికేదాకా బతికించే మార్గం దాదాపు ఉండదు.

ఇరుగుపొరుగు చేయగలిగిన పనులు ఇంకా చిన్నవి, కానీ ఎడతెగకుండా చేయవలసినవి. జుట్టు రాలిన పిల్లను బడిలో పక్కన కూర్చోబెట్టుకోవడానికి తోటి తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పకుండా ప్రధానోపాధ్యాయుడు ఒక్కసారి అందరికీ విడమరచి చెప్పడం, రెండేళ్ల పాటు పాఠాలు ఇంటికి పంపడం, రోగికి వండిన వేడి అన్నం పంపి పచ్చి కూరగాయల ముక్కలు, బయటి చట్నీలు మానడం, తండ్రి పట్నంలో ఉన్న వారం రోజులు వరికి నీళ్లు పెట్టడం. నయమైన ఆడపిల్లకు పెళ్లి చేయకూడదన్న మాట ఇంకా వినిపిస్తుంది. చికిత్స ముగిసి ఏళ్లు గడిచిన చాలామంది మామూలుగానే పెళ్లి చేసుకుని బిడ్డలను కంటున్నారు. సంతాన శక్తి మీద ప్రభావం చూపే మందులు కొన్ని ఉన్నాయి కనుక, పెళ్లికాని యువకుడికి కీమో మొదలయ్యే ముందే వీర్యం భద్రపరచుకునే వీలుందని డాక్టరే చెప్పాలి, చెప్పకపోతే అడగాలి.

చికిత్స అయిపోయిన రోజున ఆసుపత్రి నుంచి అడిగి తీసుకోవలసిన కాగితం ఒకటుంది: ఏ రకం జబ్బు, ఏ ప్రోటోకాల్ (చికిత్స క్రమం), ఏ మందు మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు, రేడియేషన్ ఇచ్చారా లేదా అన్న వివరాలతో కూడిన చికిత్స సారాంశం. కొన్ని కీమో మందులు ఇరవై ఏళ్ల తర్వాత గుండె మీద ప్రభావం చూపవచ్చు, చిన్నప్పటి టీకాల రక్షణ కొంత చెరిగిపోయి మళ్లీ వేయవలసి రావచ్చు. ఆరేళ్ల వయసులో జబ్బు నయమైన అమ్మాయి ముప్ఫై ఏళ్లప్పుడు కాన్పు కోసం చేరితే, అక్కడి డాక్టరు గుండెకు ఎకో పరీక్ష చేయించాలా వద్దా అన్నది ఆ కాగితం చూసే తేల్చుకుంటారు. కాబట్టి దాన్ని లామినేషన్ చేయించి, భూమి పాసుపుస్తకం ఉన్న బీరువాలోనే పెట్టాలి, ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనైనా ఉంచాలి.